పిల్లలకు కంప్యూటర్‌లో రాత: ఏది ముందు, ఏది తర్వాత?

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టగానే పిల్లలు అక్షరాలకు రంగులు మార్చడం, బొమ్మలు పెట్టడం చిటికెలో పట్టేస్తారు. పది వాక్యాలు టైప్ చేయమంటే మాత్రం ఆగిపోతారు. వర్డ్ ప్రాసెసింగ్ అంటే ముందుగా రాయడం, దాచుకోవడం, దిద్దుకోవడం. అలంకరణ ఆ తర్వాతే.

మొదటి పాఠం దాచుకోవడం. ఒక్క వాక్యం రాయగానే తన పేరు, తేదీతో ఫైలు సేవ్ చేయించాలి. ఆపై ప్రతి పేరా చివర కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కడం అలవాటు కావాలి. అప్పుడు కరెంటు పోయినా శ్రమ పోదు.

రెండవది దిద్దుకోవడం. కంట్రోల్, జెడ్ నొక్కితే ఇప్పుడే చేసిన పొరపాటు రద్దవుతుంది. ఇది తెలిస్తే పిల్లల భయం సగం తీరుతుంది.

మూడవది సొంత భాష. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. క, పొల్లు, క వరుసగా నొక్కితే ‘క్క’ వస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు అదే ఫైలులో కుడి నుంచి ఎడమకు ఉర్దూ కూడా రాసుకోవచ్చు.

లిబ్రెఆఫీస్ రైటర్ ఉచితంగా దొరుకుతుంది కనుక సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు లేదు. దాతలు సమకూర్చవలసినవి కంప్యూటరు, ప్రతి బిడ్డకూ దాని ముందు కొంత సమయం, పక్కన కూర్చుని ఓపికగా చెప్పే మనిషి.

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు జతచేసే ఉత్తరం, అమ్మ పింఛను అర్జీ తానే రాసి ప్రింటు తీయగలిగిన బిడ్డ ఇంకొకరి చేత రాయించుకోవడానికి డబ్బిచ్చి వరుసలో నిలబడనక్కరలేదు.