విశాఖ తీరంలో యుద్ధనౌకల కదలికలు, అంతర్జాలంలో బహిరంగ సమాచారం: ఒక పరిశీలన

కీలకపదాలు: విశాఖపట్నం, తూర్పు నౌకాదళం, ఘాజీ, సామాజిక మాధ్యమాలు, సమాచార భద్రత

1971 యుద్ధానికి ముందు తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విశాఖపట్నంలో ఒక అబద్ధాన్ని ఓపికగా నిర్మించారు. విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవులకు తరలిపోయింది. అది విశాఖ సమీపంలోనే ఉందని శత్రువు నమ్మాలి. అందుకోసం ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక విక్రాంత్‌లా నటిస్తూ విస్తారంగా వైర్‌లెస్ సందేశాలు పంపింది. పెద్ద నౌకకు సరిపడే మాంసం, కూరగాయలు కావాలని ఊరి కాంట్రాక్టర్లకు చెప్పారు. విక్రాంత్‌లోని నావికుడొకడు జబ్బుపడిన తల్లి క్షేమం అడుగుతున్నట్లు, రహస్య సంకేతాలేవీ లేని ఒక తంతి కూడా వెళ్ళింది. ఈ వివరాలను కృష్ణన్ స్వయంగా తన జ్ఞాపకాలలో నమోదు చేశారు. విక్రాంత్‌ను వెతుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 రాత్రి విశాఖ రేవు వెలుపల మునిగిపోయింది. రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీలే కారణమని భారత్, లోపలి పేలుడు కారణమని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. ఆ వివాదం ఈ వ్యాస పరిధిలోనిది కాదు.

ఇక్కడ గమనించవలసింది ఆ తంతి. అందులో నౌక వేగం లేదు, ఆయుధాల సంఖ్య లేదు. ఒక కొడుకు ఆందోళన మాత్రమే ఉంది. అయినా అది ఒక నౌక ఎక్కడ ఉందో చెప్పగలదని కృష్ణన్ గ్రహించారు. ఆనాడు అటువంటి సందేశాన్ని పనిగట్టుకొని కల్పించవలసి వచ్చింది. ఈనాడు అటువంటివి నిజమైనవే ఎవరూ అడగకుండా అంతర్జాలంలోకి చేరుతున్నాయి.

చిత్రం చెప్పేదేమిటి?

విశాఖ భౌగోళిక స్వరూపం ఈ సమస్యను మరింత జటిలం చేస్తుంది. వాణిజ్య నౌకలూ యుద్ధనౌకలూ లోపలి రేవులోకి ప్రవేశించే కాలువ డాల్ఫిన్స్ నోస్ కొండ పాదం పక్కగానే సాగుతుంది. బీచ్ రోడ్డు నుంచీ కైలాసగిరి నుంచీ సముద్రం విశాలంగా కనిపిస్తుంది. ఫోటో వెనుక ఆ కొండ కనిపిస్తే చాలు, స్థలం తేలిపోతుంది. నౌక పక్కభాగంపై రాసిన సంఖ్య దాని పేరును చెబుతుంది. పోస్టు చేసిన వేళ మిగిలిన లోటును పూరిస్తుంది. ఫోను కెమెరాలో లొకేషన్ సదుపాయం పనిచేస్తుంటే అక్షాంశ రేఖాంశాలు కూడా చిత్రంలోనే నిక్షిప్తమవుతాయి.

తీరం నుంచి అందరికీ కనిపించేది రహస్యమెలా అవుతుందన్న ప్రశ్న సహేతుకమైనదే. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగినప్పుడు నౌకలను చూడమని ప్రభుత్వమే ప్రజలను ఆహ్వానించింది. ఒక్క ఫోటోతో దేశానికి ముప్పు వాటిల్లుతుందని నేను భావించడం లేదు. ముప్పు కూర్పులో ఉంది. ఒకే నౌక ఏ రోజు వెళ్ళింది, ఎన్నాళ్ళకు తిరిగివచ్చింది, దానితోపాటు ఏవి కదిలాయి అన్న వివరాలు వేర్వేరు ఖాతాల నుంచి ఒకచోటికి చేరినప్పుడు ఆ నౌక అలవాట్లు బయటపడతాయి. 2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామ యాప్ ప్రచురించిన ప్రపంచ పటంలో ఇదే జరిగింది. సైనికులు పరుగెత్తిన దారులన్నీ కలిసి, ఎడారుల్లోని స్థావరాల రూపురేఖలను వెలుగు గీతలుగా చూపించాయి. వారిలో ఎవరూ రహస్యం చెప్పాలనుకోలేదు.

2019 ఉదంతం

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసుల నిఘా విభాగం 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందినీ, ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేసినట్లు ప్రకటించింది. ఫేస్‌బుక్‌లో మహిళల పేరుతో పరిచయమైనవారు వలపు వల పన్ని, నౌకల, జలాంతర్గాముల కదలికలను రాబట్టారన్నది అభియోగం. కేసు తరువాత జాతీయ దర్యాప్తు సంస్థకు బదిలీ అయింది. ఆ నెలాఖరుకే నౌకాదళం తన స్థావరాలలో, నౌకలలో స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్ వినియోగాన్నీ నిషేధించింది.

ఇది రహస్య సంభాషణకు సంబంధించిన కేసు కదా, బహిరంగ పోస్టులతో దీనికేమి పని అనవచ్చు. వల వేయడానికి ముందు చేపను గుర్తించాలి. యూనిఫాంలో దిగిన ప్రొఫైల్ చిత్రం, పనిచేసే ఊరి పేరు, స్నేహితుల జాబితా ఆ పనిని సులువు చేస్తాయి.

చట్టం విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది. తీరంలో సెల్ఫీ దిగే యువకుడినీ, డబ్బుకు సమాచారం అమ్మేవాడినీ ఒకే అనుమానంతో చూడటం న్యాయం కాదని నా అభిప్రాయం. 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ రక్షణ కార్యకలాపాల ప్రత్యక్ష ప్రసారం వద్దని సూచిస్తూ, సామాజిక మాధ్యమ వినియోగదారులనూ బాధ్యతగా మెలగమని కోరింది. అయితే అది ఉదహరించిన నిబంధన కేబుల్ టెలివిజన్‌కు చెందినది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు దాని పరిధిలోకి రాదు. "మా ఆయన ఈసారి పండక్కి రావట్లేదు, రేపే బయల్దేరుతున్నారు" అని అక్కడ ఒక ఇల్లాలు పెట్టే సందేశం, 1971 నాటి ఆ తంతి వంటిదే. కల్పితం కాకపోవడం ఒక్కటే తేడా.