నజఫ్‌గఢ్ మైదానంలో ఐదున్నర నిమిషాలు

పార్లమెంటు సమావేశాలు లేని వారాలలో ఢిల్లీ విలేఖరికి కొంత తీరిక చిక్కుతుంది. అటువంటి ఒకనాడు, హర్యానా సరిహద్దుకు చేరువనున్న నజఫ్‌గఢ్‌లో మిత్రుని ఇంట బస చేసి, తెల్లవారకముందే అక్కడి మైదానానికి నడిచాను. ఇరవై మంది యువకులు అప్పటికే సాధనలో ఉన్నారు. 400 మీటర్ల చుట్టును శక్తికొద్దీ పరుగెత్తడం, ఆగీ ఆగగానే 20 దండీలు, 20 బస్కీలు తీయడం, రెండు నిమిషాలు నడవడం, ఊపిరి కుదుటపడీ పడకముందే మళ్లీ పరుగు. ఇట్లా ఆరుసార్లు. చివరకు రెండు గుంజలకు బిగించిన ఇనుప గొట్టం పట్టుకొని, గడ్డం దాని పైకి వచ్చేవరకు దేహాన్ని లాగుకోవడం.

ఇది సరదా వ్యాయామం కాదు. అగ్నివీర్ ఎంపికలో 1,600 మీటర్లను 5 నిమిషాల 30 సెకండ్లలో ముగించినవానికి 60 మార్కులు. 5 నిమిషాల 45 సెకండ్లలోపు వచ్చినవానికి 48. గొట్టంపైకి 10 సార్లు లేచినవానికి 40. అంటే ఒక్కొక్క చుట్టుకు సుమారు 82 సెకండ్లు. నిత్యం నెమ్మదిగా మైళ్లకొద్దీ పరుగెత్తితే ఓపిక వస్తుంది గాని ఆ వేగం రాదు. పరీక్ష వేగాన్ని మించి కొద్ది దూరం పరుగెత్తి, తెరిపి తీసుకొని, తిరిగి పరుగెత్తవలసిందే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన చెకొస్లొవేకియా సైనికాధికారి ఎమిల్ జాటోపెక్ సాధన కూడా ఈ పద్ధతిదే. దండీలు, బస్కీలు మన తాలింఖానాలవి. అయితే ఈ కుర్రవాళ్లు ఒక పొరపాటు చేస్తున్నారు. దండీ ఇచ్చేది నెట్టే బలం. గొట్టానికి కావలసింది లాగే బలం. దానిని గొట్టంపైనే సంపాదించాలి. పైగా ఇంత కఠిన సాధన రోజూ చేస్తే మోకాలి దిగువ ఎముకలు నొప్పెట్టక మానవు. చెప్పడానికి శిక్షకుడెవరూ లేడు.

కోవిడ్ కారణంగా 2020 నుండి రెండేళ్లపాటు సైనిక ర్యాలీలు నిలిచిపోయాయి. 2022 జూన్‌లో నాలుగేళ్ల కొలువుగా, నూటికి 25 మందికి మించి కొనసాగింపు లేని విధంగా అగ్నిపథ్ వచ్చింది. సికింద్రాబాద్ స్టేషనులో రైళ్లు తగులబడి, కాల్పులలో ఒక యువకుడు మరణించిన ఆ జూన్ 17ను మన పాఠకులు మరచి ఉండరు. 2024 జులై 1న లోక్‌సభలో రాహుల్ గాంధీ ఈ పథకాన్ని విమర్శించడం, రాజ్‌నాథ్ సింగ్ లేచి ఖండించడం జరిగింది. ఆ వాగ్వాదంలో ఈ 82 సెకండ్ల ప్రస్తావన రాలేదు.

"తావూజీ, కాస్త టైము చూస్తారా?" అని ఒక కుర్రవాడు తన ఫోను నా చేతిలో పెట్టాడు. నాలుగు చుట్లూ తిరిగి వచ్చేసరికి 5 నిమిషాల 41 సెకండ్లు.

"పన్నెండు మార్కులు పోయాయి" అని, నేలపై చేతులు ఆనించి దండీలు మొదలుపెట్టాడు.