ఊడిన రంగు ఎక్కడికి పోతుంది?

పాత ఇనుప బీరువాకు కొత్త రంగు వేయడం మీరెప్పుడైనా చూశారా? కొత్త రంగు వేసే ముందు పాత రంగు తీసేయాలి. పనివాడు ఒక డబ్బా మూత తీసి, అందులోని చిక్కటి ద్రవాన్ని బ్రష్షుతో తలుపుకు పూస్తాడు. కొద్ది నిమిషాలు గడిచేసరికి, గట్టిగా అంటుకుని ఉన్న రంగు అప్పడంలా పొంగి, ముడతలు పడి లేస్తుంది. ఇనుప పట్టీతో గీకితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. ఆ ద్రవమే పెయింట్ రిమూవర్.

బీరువా శుభ్రపడింది. మరి గీకి తీసిన జిగురు ముద్ద ఏమైంది? తుడిచిన గుడ్డలు, డబ్బా అడుగున మిగిలిన ద్రవం ఎక్కడికి పోయాయి? చాలాసార్లు వాటి దారి ఒకటే: షెడ్డు పక్క మురుగు కాలవ, లేదా వెనక ఉన్న ఖాళీ స్థలం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

రంగు ఎందుకు ఊడుతుంది?

ఎంతో కాలంగా వాడుతున్న రిమూవర్లలో ముఖ్యమైన ద్రావణి మిథిలీన్ క్లోరైడ్. దీని అణువులో ఒక కార్బన్, రెండు హైడ్రోజన్, రెండు క్లోరిన్ పరమాణువులు ఉంటాయి. అణువు చిన్నది కనుక రంగు పొరలోకి సులువుగా చొరబడుతుంది. దాంతో పొర ఉబ్బుతుంది. ఉబ్బిన పొర కింది లోహాన్ని పట్టుకుని ఉండలేదు.

మరో రకం రిమూవర్ కాస్టిక్ సోడా ద్రావణం. ఇది నూనె రంగులోని నూనెను సబ్బుగా మారుస్తుంది. చర్మం మీద పడితే చర్మాన్నీ కాలుస్తుంది.

బరువైన ఆవిరి

మిథిలీన్ క్లోరైడ్ సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతుంది. మే నెలలో రెంటచింతల ఎండ ఎంత ఉంటుందో గుర్తు చేసుకోండి! మామూలు రోజుల్లో కూడా ఇది త్వరత్వరగా ఆవిరైపోతూనే ఉంటుంది.

ఆ ఆవిరి గాలి కంటే ఎంత బరువో మీరే లెక్క కట్టవచ్చు. మిథిలీన్ క్లోరైడ్ అణుభారం 85. గాలి సగటు అణుభారం 29. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.9 వస్తుంది. అంటే దాదాపు మూడు రెట్లు బరువు! అందుకే ఈ ఆవిరి పైకి పోకుండా నేల మీద, గుంటల్లో పేరుకుంటుంది. పీల్చినవారికి తల తిరుగుతుంది, మత్తు కమ్ముతుంది. పైగా శరీరంలోకి వెళ్ళినదానిలో కొంత భాగం కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకుని, ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది.

అమెరికాలో స్నానపు తొట్ల పాత పూత తీసే పనిలో 2000 నుంచి 2011 వరకు 13 మంది పనివారు ఈ ఆవిరి వల్ల చనిపోయినట్లు అధికారులు గుర్తించారు. గాలి సరిగా ఆడని చిన్న గదిలో, తొట్టిలోకి వంగి పనిచేయడమే వారి ప్రాణం తీసింది. ఆ దేశంలో మిథిలీన్ క్లోరైడ్ రిమూవర్లను ఇళ్ళలో వాడకానికి అమ్మడాన్ని 2019లో నిషేధించారు. 2024లో మరెన్నో వాడకాలను కూడా నిషేధించారు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఈ ఆవిరిని ఆపలేదని గుర్తుంచుకోండి.

ఒక లీటరు, ఆరున్నర కోట్ల లీటర్లు

ఒక గ్లాసు నీళ్ళలో కొబ్బరినూనె చుక్క వేయండి. తేలుతుంది. తేనె చుక్క వేయండి. అడుగుకు పోతుంది. నేలలోకి ఇంకిన కిరోసిన్ భూగర్భజలం మీద తేలుతుంది. మిథిలీన్ క్లోరైడ్ అలా కాదు. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.33 గ్రాములు. అందువల్ల అది నీటి అడుగుకు దిగి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. బావి నీరు పైకి తేటగానే కనిపిస్తుంది!

తాగే నీటిలో ఇది లీటరుకు 20 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఒక లీటరు మిథిలీన్ క్లోరైడ్ బరువు 1,330 గ్రాములు, అంటే 133 కోట్ల మైక్రోగ్రాములు. దీన్ని 20తో భాగించండి. 6 కోట్ల 65 లక్షలు వచ్చిందా? పారబోసినదానిలో కొంత ఆవిరైపోతుంది, నిజమే. కాని అంతా నీటిలో చేరితే, ఆ ఒక్క లీటరే అన్ని లీటర్ల నీటిని హద్దు అంచుకు చేర్చగలదు.

పోనీ, తగలబెడితే? ఇంకా ప్రమాదం. మంటలో ఇది హైడ్రోజన్ క్లోరైడునూ, మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుగా ప్రయోగించిన ఫాస్జీన్‌నూ ఇస్తుంది.

గీకిన ముద్దలో మరో శత్రువు ఉండవచ్చు. అది సీసం. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదనే నియమం 2016లో వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంతో ఎక్కువ ఉండవచ్చు. సీసం చిన్నపిల్లల మెదడుకు హాని చేస్తుంది.

మరి ఏం చేయాలి?

1. పనికి ఎంత కావాలో అంతే కొనాలి. మిగలనిది పారబోయనక్కరలేదు.

2. గీకిన ముద్దను, గుడ్డలను గట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, వెంటనే మూత పెట్టాలి. అంచు దాకా నింపకూడదు. ఎండలో పెడితే లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి డబ్బా ఉబ్బుతుంది. నీడలో ఉంచాలి.

3. కాస్టిక్ సోడా చెత్తను వేరే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాలి. అల్యూమినియం పాత్ర పనికిరాదు. అది క్షారంతో కలిసి, మండే స్వభావం గల హైడ్రోజన్‌ను వదులుతుంది.

4. డబ్బా మీద లోపల ఏముందో రాసి అంటించాలి. తాగే నీళ్ళ సీసాల్లో ఎన్నడూ పోయకూడదు.

5. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న కేంద్రానికి అప్పగించాలి. ప్రమాదకర వ్యర్థాల మీద 2016లో వచ్చిన నియమాల ప్రకారం, కార్ఖానాలు ఇలాంటి చెత్తను సాధారణంగా 90 రోజులకు మించి దాచి ఉంచరాదు.

అలాంటి కేంద్రాలు హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో, విశాఖపట్నం దగ్గర పరవాడలో ఉన్నాయి. ఈ చెత్తను వదిలించుకునే పద్ధతులు ఇవి. పనికివచ్చే ద్రావణిని స్వేదనం చేసి తిరిగి రాబట్టవచ్చు. మిగిలిన ముద్దను 1,100 డిగ్రీలకు పైగా వేడి ఉండే కొలిమిలో కాలుస్తారు. వెలువడే ఆమ్ల వాయువును క్షార ద్రావణంతో కడుగుతారు. బూడిదను, కిందికి ఏదీ ఇంకకుండా పొరలు పరచిన గోతుల్లో పూడుస్తారు.

అసలు కష్టం చిన్న షెడ్లది. నెలకు రెండు లీటర్ల చెత్త కోసం ఏ లారీ వస్తుంది? అయితే ఒక వీధిలోని పది షెడ్లు కలిసి ఒకేచోట జమచేస్తే లారీని పిలవడం కుదురుతుంది. దీనికి పురపాలక సంఘం సాయం అడగవచ్చు.

మీరు రిమూవర్ డబ్బాను ముట్టుకోవద్దు, మూత తీయవద్దు. మీ వీధిలో రంగులు వేసే షెడ్డు ఉంటే, పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి. డబ్బా మీద రాసి ఉన్న రసాయనం ఏది? గీకిన ముద్ద ఎక్కడ వేస్తున్నారు? అక్కడికి దగ్గరలో ఉన్న బావి లేదా బోరు ఎంత దూరం? జవాబులు రాసుకుని మీ సైన్సు మాస్టారికి చూపించండి. మూడో జవాబు కొద్ది గజాలే అయితే, ఈ లెక్కలన్నీ ఆ షెడ్డు యజమానికి చెప్పవలసింది మీరే.