క్లేర్‌మాంటు సౌధము – దాని యజమానులు

ఆంగ్లదేశపు గ్రామసీమలందలి మహాసౌధములను గూర్చి ఆ దేశీయులు వ్రాసికొనిన గ్రంథములకు లెక్క లేదు. శిల్పి యెవరు, స్తంభములు ఏ రీతివి, తోట ఏ పద్ధతిని వేయబడినది అను విషయములు వానిలో సవిస్తరముగ నుండును. ఇంటికైన ధనమెచ్చటిది అను ప్రశ్నకడ మాత్రము చిరకాలము కలములు వెనుకాడినవి. ఇట్టి సౌధములను పెక్కింటిని సంరక్షించు నేషనల్ ట్రస్టు వారు 2020 లో వానికిని వలసరాజ్యములకును గల సంబంధమును వివరించుచు నొక నివేదిక ప్రకటింపగా అచ్చట పెద్ద దుమారమే చెలరేగెను. లండనునకు నైరృతిని, సర్రే మండలమున, ఈషరు ఊరిచెంత నున్న క్లేర్‌మాంటు విషయమున ఆ ప్రశ్నను విడిచి మాటలాడుట అసాధ్యము. ఇప్పుడున్న సౌధమును కట్టించినవాడు రాబర్టు క్లైవు.

స్థలము అంతకు పూర్వమే ప్రసిద్ధము. నాటకకర్తయు శిల్పియు నగు వాన్‌బ్రా 1708 లో దానిని కొని చిన్న యిల్లు కట్టుకొనెను. అతనివలన కొన్న క్లేరు ప్రభువు తన బిరుదును ఆ గుట్టకు తగిలించి క్లేర్‌మాంటు అని పేరిడెను. ఇతడే పిదప న్యూకాసిల్ డ్యూకై రెండుమారులు ప్రధానమంత్రి పదవి నధిష్ఠించెను. 1768 లో ఆయన గతింపగా మరుసటి యేడు ఆయన భార్య ఆ యెస్టేటును 25,000 పౌనులకు క్లైవునకు విక్రయించెను. పాత భవనము పల్లమున నుండి చెమ్మగిలుచున్నదని క్లైవు దానిని పడగొట్టించి, మెరకమీద క్రొత్తదానిని ఆరంభించెను. బ్రౌను, హాలండు అను శిల్పులు పని నడిపిరి. ఖర్చు లక్ష పౌనులు దాటెనని చెప్పుదురు.

ఈ లక్ష ఎచ్చటిది? 1757 లో ప్లాసీ యుద్ధానంతరము మీర్ జాఫరు నవాబగుటతోడనే క్లైవునకు ముట్టినది 2,34,000 పౌనులు. అంతతో తనివితీరక 1759 లో జాగీరొకటి సంపాదించెను. దాని కథ భూస్వాములు వినదగినది. కలకత్తా చుట్టునున్న ఇరువదినాలుగు పరగణాలకు కంపెనీవారు నవాబునకు చెల్లింపవలసిన శిస్తును నవాబు క్లైవు పేర వ్రాసియిచ్చెను. ఏటికి 27,000 పౌనులు! అనగా యజమానియైన కంపెనీ తన కొలువుకానికి శిస్తు కట్టు రైతయ్యెను. డైరెక్టర్లు కొంతకాలము పెనగులాడిరి గాని తుదకు చెల్లించుచునే యుండిరి.

ఇక సంవత్సరములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. 1769 లో సౌధమునకు స్థలము కొనబడినది. ఆ యేటనే వంగదేశమున వర్షములు తప్పినవి. 1770 లో అచ్చటి పల్లెలు పాడువడినవి. ఆ రాష్ట్రజనులలో మూడవవంతైనను నశించిరనియు, ఐనను 1771 నాటి శిస్తు వసూలు 1768 నాటిదానిని మించెననియు వారెన్ హేస్టింగ్సే 1772 లో డైరెక్టర్లకు వ్రాసెను. క్షామకాలమున క్లైవు ఇండియాలో లేడు; అతడు 1767 లోనే వెడలిపోయెను. నిజమే. కాని అతని జాగీరు రొక్కము ఆ యేండ్లలోను ఆగలేదు.

సర్రే రైతులకు ఈ లెక్కలు తెలియవు. కాని ఆ దొర గోడలంత మందముగ కట్టించుట తన్నెత్తుకొనిపోవచ్చు దయ్యమును రానీయకుండుటకేనని వారు చెప్పుకొనెడివారట. ఈ సంగతి వ్రాసినవాడు క్లైవును మెచ్చిన మెకాలే. పార్లమెంటు మాత్రము 1773 లో విచారణ జరిపి, ఆ ధనము పుచ్చుకొన్నమాట నిజమని తేల్చి, ఆ నోటనే క్లైవు దేశమునకు గొప్ప సేవ చేసెనని ఏకగ్రీవముగ తీర్మానించెను! 1774 నవంబరు 22 న క్లైవు లండను గృహమున మరణించెను. ఆత్మహత్య యని పెక్కుర మతము. క్లేర్‌మాంటులో అతడు కాపురముండనే లేదు.

భోజనశాల గోడకై అతడు బెంజమిన్ వెస్టు అను చిత్రకారునిచే నొక చిత్రమును వ్రాయింప దలచెను. షా ఆలం చక్రవర్తి 1765 ఆగస్టులో తనకు దివానీ ఫర్మానా నందించు ఘట్టమది. ఆంధ్రులమగు మనకు ఆ దృశ్యము పరాయిది కాదు. ఉత్తర సర్కారులను కంపెనీకిచ్చిన ఫర్మానాయు ఆ సందర్భమున పుట్టినదే. అంతకు ఏడేండ్ల ముందు విజయనగరము ఆనందగజపతిరాజు ఫ్రెంచివారిపై సాయము కోరగా మద్రాసువారు కాదనిరి. క్లైవు కలకత్తానుండి ఫోర్డును పంపెను. 1758 డిసెంబరులో చందుర్తికడ యుద్ధము, 1759 ఏప్రిలులో బందరు కోట పతనము. పిలిచినది మనవారే.

ఆ చిత్రము నేడు వేల్సులోని పోవిస్ కోటలో నున్నది. ఆ కోట క్లైవు కుమారుడు ఎడ్వర్డునకు భార్యవైపున సంక్రమించిన సంబంధము. క్లేర్‌మాంటు తండ్రి పోయినపిమ్మట అమ్ముడుపోయినది. కట్టిన ఖర్చులో మూడవవంతు మించి రాలేదని ప్రతీతి. ఈ ఎడ్వర్డే 1798 నుండి 1803 వరకు మద్రాసు గవర్నరు. ఇతని కాలముననే దత్తమండలములు కంపెనీకి చేరినవి. 1802 లో శాశ్వత పైసలా శాసనము వెలువడి, మన జమీందారులకు సన్నదులు వచ్చినవి. 1948 నాటి యెస్టేటుల రద్దు చట్టము వరకు సర్కారు జిల్లాల రైతులు మోసిన యేర్పాటది.

క్లైవు తరువాతి యజమానులలో జమైకాలో బానిసలచే చెరకు పండించిన ఎల్లిస్ ఒకడు. అతనివలన 1816 లో ప్రభుత్వము సౌధమును కొని రాజకుమారి షార్లటునకును ఆమె భర్త లియోపోల్డునకును ఇచ్చెను. మరుసటి యేడే ఆమె ప్రసవించి, మృతశిశువు వెంటనే తానును పోయెను. సింహాసనము గోల్పోయిన ఫ్రెంచి రాజు లూయీ ఫిలిప్ 1848 లో ఇచ్చట తలదాచుకొని 1850 లో కన్నుమూసెను. పిదప విక్టోరియా రాణి తన కుమారునకు దీనిని సమకూర్చెను. ఆమె మనుమడు జర్మనీ పక్షమున మొదటి మహాయుద్ధమున నిలిచినందున కుటుంబమునకు ఆస్తి దక్కలేదు. 1930 ప్రాంతమున కూల్చివేతకు సిద్ధమైన సౌధమును ఒక పాఠశాలవారు కొనిరి. నేటికిని అది బడియే. తోటలో పెద్దభాగము 1949 నుండి నేషనల్ ట్రస్టు అధీనమున నున్నది.