కాలేయవ్యాధులకు ఒక చీనా కషాయము

వేలయేండ్లనుండి జనులు వాడుచున్న మందునకు వేఱు సాక్ష్యమేల యని కొందఱు నన్ను అడుగుచుందురు. చీనాదేశపు కషాయమొకదాని చరిత్రము చెప్పి ఈ ప్రశ్నకు నేడు సమాధానమిచ్చెదను.

దాని పేరు 'షియావ్ ఛాయ్ హూ తాంగ్'. జపానువారు దీనినే 'షో సాయికో తో' అందురు. క్రీ. శ. 200 ప్రాంతమున జాంగ్ జోంగ్‌జింగ్ అను వైద్యుడు రచించిన గ్రంథమున నిది కలదు. ఇందు ద్రవ్యములు ఏడు: ఛాయ్ హూ, హువాంగ్ ఛిన్ అను రెండు మొక్కల వేళ్లు, బాన్ షియా దుంప, జిన్సెంగ్ వేరు, అతిమధురము, అల్లము, రేగుపండ్లు. ఆదిలో చలియు వేడియు మార్చిమార్చి వచ్చు జ్వరమునకు విధింపబడిన ఈ యోగమును, గత శతాబ్దమున జపానులో దీర్ఘకాలపు కాలేయపు వాపునకు విరివిగా వాడిరి.

కషాయము త్రాగితిని, నెమ్మదించినది అని రోగి చెప్పిన చాలదా? చాలదు. పచ్చకామెర్లు పెక్కులు కొన్ని వారములకు మందు లేకయే తగ్గును. దీర్ఘరోగము సైతము హెచ్చుచు తగ్గుచు నుండును. కావున ఒకే తీరు రోగులను చీట్లు వేసి రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునకే ఆ మందిచ్చి, ఫలితములను పోల్చి చూడవలెను.

జపాను వైద్యులు 1995లో అట్టి పరీక్ష నొకదానిని ప్రకటించిరి. కాలేయము గట్టిపడిన 260 మందిని ఐదేండ్లు కనిపెట్టి చూచిరి. అందఱికిని వాడుకలోని మందులిచ్చి, సగముమందికి కషాయము కూడ నిచ్చిరి. త్రాగినవారిలో కాలేయపు క్యాన్సరు కొంత తక్కువగా కనబడినది. కాని ఆ భేదము కాకతాళీయము కాదని రూఢిగా చెప్పుటకు చాలలేదు. 2019లో కోక్రేన్ సంస్థవారు హెపటైటిస్-బి రోగులపై జరిగిన 10 పరీక్షలను, 934 మంది ఫలితములను, పరిశీలించిరి. అన్నిటియందును లోపములుండుటచే మేలుగాని కీడుగాని నిర్ణయింప వీలుపడలేదు.

ఇక కీడు మాట. మూలికయే గదా, మంచి చేయకున్నను చెడు చేయదని అనుకొందుము. 1996లో జపాను ప్రభుత్వము, ఈ మందు వాడినవారిలో 88 మందికి ఒక విధమగు ఊపిరితిత్తుల వాపు కలిగెననియు, వారిలో 10 మంది మరణించిరనియు ప్రకటించెను. ఇంటర్‌ఫెరాన్ సూదిమందుతో కలిపి దీనిని వాడరాదని అంతకుముందే నిషేధించియుండెను. జ్వరము, పొడిదగ్గు, ఆయాసము తోచినతోడనే మందు మానవలెను.

దీనినిబట్టి కషాయము వ్యర్థమని నేననుట లేదు. దాని ప్రాచీనత, దానిని పరీక్షించుటకు తగిన కారణము. పరీక్షకు బదులు మాత్రము కాజాలదు. కామెర్లకు మనవారు వాడు నేల ఉసిరికకును ఈ న్యాయమే వర్తించును. శ్రోతలలో నెవరైన కాలేయవ్యాధికి పసరుగాని, చూర్ణముగాని పుచ్చుకొనుచున్నచో, ఆ సంగతి తమ వైద్యునికి దాచక చెప్పవలెనని నా ప్రార్థన. ఏ మందు దేనితో కలిసి హాని చేయునో తెలిసికొనుటకు ఆయనకు అది ముఖ్యాధారము.