మన జలుబు మాత్ర పిల్లికి విషం!
ఎలర్జీ మందులతో సొంత వైద్యం వద్దు

తెనాలి: గేదెకు జబ్బు చేస్తే పశువైద్యుణ్ణి పిలుస్తాం. ఇంటి కుక్కకో, పిల్లికో దురద వస్తే మాత్రం మనమే వైద్యులమైపోతాం. అలమారలో ఉన్న జలుబు మాత్ర సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెడతాం. ప్రేమతో చేసే ఈ పనే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

ఎలర్జీ వస్తే మనకు తుమ్ములు, ముక్కు కారడం ఎక్కువ. కుక్కకు, పిల్లికి అది ముఖ్యంగా చర్మం మీద బయటపడుతుంది. పాదాలు నాకడం, చెవులు గోక్కోవడం, బొచ్చు రాలడం దాని గుర్తులు. తెనాలి కాలవగట్ల మీద, రేపల్లె లంకల్లో, బాపట్ల తీరంలో గాలిలో తేమ ఎక్కువ. గోమార్లకు, పేలకు ఇది అనువైన వాతావరణం. పేల కాటు పడని కుక్కకు నాలుగు కాట్లు చాలు, ఒళ్లంతా దురదే. ముందు వాటిని వదిలించాలి. పడుకునే గోనెపట్టా వేడినీళ్లలో ఉతకాలి. గజ్జి దురద కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. దానికి ఎలర్జీ మాత్ర పనిచేయదు.

సెట్రిజిన్ వంటి మాత్రలను పశువైద్యులూ వాడతారు. అయితే జంతువు బరువు, వయసు, ఇతర జబ్బులు చూసి మోతాదు నిర్ణయిస్తారు. అసలు చిక్కు కలగలుపు మాత్రలతోనే. పేరు చివర 'కోల్డ్' అనో, 'డి' అనో ఉంటే అందులో పారాసిటమాల్, ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ వంటివి ఉండవచ్చు. పారాసిటమాల్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రే చంపగలదు. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. ముఖం వాచి, ఆయాసం వస్తుంది. సూడోఎఫిడ్రిన్ తిన్న కుక్కకు గుండెదడ, వణుకు, మూర్ఛ రావచ్చు. చక్కెర లేని సిరప్పుల్లో కలిపే జైలిటాల్ కూడా కుక్కకు విషమే.

కుక్క మెడ మీద వేసే గోమార్ల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి వేస్తే వణుకు, ఫిట్లు తప్పవు. రెండూ ఉన్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం.

ప్రెడ్నిసలోన్ దురదను చప్పున తగ్గిస్తుంది. అందుకే పాత చీటీతో మళ్లీ మళ్లీ కొనేవారున్నారు. దానితో దప్పిక, ఆకలి, మూత్రం పెరుగుతాయి. నొప్పి మాత్రలతో కలిపితే కడుపులో పుండ్లు పడవచ్చు. చాలా రోజులు వాడాక హఠాత్తుగా మానకూడదు. వైద్యుడు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

పొరపాటున మన మాత్ర మింగితే లక్షణాలు కనిపించే దాకా ఆగవద్దు. ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించవద్దు. మాత్రల అట్ట చేతపట్టుకుని వెంటనే దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఏ మందు, ఎన్ని, ఎప్పుడు అన్న మూడు సంగతులు చెబితే చికిత్స త్వరగా మొదలవుతుంది.