కట్టప్ప ఎందుకు చంపాడన్నది సరే.. శివగామి ఎందుకు చంపమంది?

2015 జులై 10న ‘బాహుబలి: ది బిగినింగ్’ విడుదలయ్యాక దేశమంతా ఒకటే ప్రశ్న. జవాబు 2017 ఏప్రిల్ 28న రెండో భాగంతో వచ్చింది. కట్టప్ప చంపాడు, ఎందుకంటే రాజమాత ఆజ్ఞాపించింది. అంతటితో మీమ్‌ల గోల సద్దుమణిగింది. కథలో అసలు ముడి మాత్రం ఆ జవాబు దగ్గరే మొదలవుతుంది. కన్న కొడుకుతో సమానంగా పెంచుకున్నవాడిని శివగామి ఎందుకు చంపమంది?

రెండు భాగాలనూ కలిపి 2025 అక్టోబర్ 31న ‘బాహుబలి: ది ఎపిక్’గా విడుదల చేసినప్పుడు అవంతిక ప్రేమకథను బాగా కుదించారు. దాంతో మిగిలిందేమిటో స్పష్టంగా కనిపించింది. ఇది యుద్ధం సినిమా అనుకుంటాం గానీ, నిజానికి ఇచ్చిన మాట వల్ల విరిగిపోయిన ఒక ఇంటి కథ.

దేవసేన చిత్రపటం చూసి మనసుపడ్డ భల్లాలదేవుడు, ఆమెను తనకిచ్చి చేయమని తల్లిని అడుగుతాడు. ఆమెను అమరేంద్రుడు ప్రేమిస్తున్నాడని అతనికి తెలుసు, శివగామికి తెలియదు. ఆమె మాట ఇచ్చేస్తుంది. అటు కుంతల రాజ్యంలో అమరేంద్రుడు, గౌరవానికి భంగం రానివ్వనని దేవసేనకు మాట ఇస్తాడు. తల్లీకొడుకుల ఈ రెండు మాటలూ మాహిష్మతి సభలో ఢీకొంటాయి. జరిగిన పొరపాటు అప్పుడే అందరికీ అర్థమవుతుంది. సరిదిద్దుకోవడానికి ఒక్క మాట చాలు. కానీ తన మాటే శాసనమని నమ్మిన రాజమాతకు ఆ ఒక్క మాటే బరువైపోయింది. అమరేంద్రుడు సింహాసనం వదులుకుని దేవసేన పక్షాన నిలబడతాడు.

ఇక్కడ దేవసేన పాత్రను గమనించాలి. మన జానపద సినిమాల్లో రాకుమారి చాలాసార్లు హీరో గెలుచుకునే బహుమతి. ఈమె అలా కాదు. మాహిష్మతి కానుకలతో పంపిన సంబంధాన్ని తిప్పికొట్టింది. ఆడవాళ్లను అసభ్యంగా తాకిన సేతుపతి వేళ్లు నరికింది. విచారణకు నిలబెడితే తల దించలేదు. అమరేంద్రుడు ఆ సభలోనే సేతుపతి తల నరకడంతో దంపతులిద్దరూ రాజప్రాసాదం వదలాల్సి వచ్చింది.

బిజ్జలదేవుడు, భల్లాలదేవుడు పన్నిన కుట్రను శివగామి నమ్మడానికి కారణం కూడా ఇదే. ఒకసారి ఎదురు తిరిగినవాడు మళ్లీ తిరగబడతాడన్న అనుమానం అప్పటికే ఆమె మనసులో ఉంది. కట్టప్ప తటపటాయిస్తే, నువ్వు చంపకపోతే నేనే చంపుతానంటుంది. తరతరాల బానిసత్వానికి కట్టుబడ్డ కట్టప్ప పరిస్థితి భారతంలో భీష్ముడిని గుర్తు చేస్తుంది. ధర్మం ఎటుందో తెలుసు, కదలడానికి వీల్లేదు.

హత్య తర్వాతి సన్నివేశం, నా దృష్టిలో, రెండు భాగాల్లోనూ బలమైనది. తప్పు చేశావంటూ కట్టప్ప రాజమాతను పేరుపెట్టి, ఏకవచనంలో పిలుస్తాడు. ‘నువ్వు’, ‘మీరు’ల తేడా తెలిసిన తెలుగు ప్రేక్షకుడికి ఆ పిలుపు కత్తిదెబ్బకన్నా లోతుగా తగులుతుంది. హిందీ డబ్బింగ్‌లో ఆ పదును ఎంతవరకు దక్కిందన్నది వేరే చర్చ.

శివగామికి ఇక ఏడ్చే వ్యవధి లేదు. పసివాడు మహేంద్రుడిని రాజుగా ప్రకటించి, వాడిని ఎత్తుకుని పారిపోతుంది. మొదటి భాగం ఆరంభంలో మనం చూసింది ఆ ప్రయాణం చివరి ఘట్టాన్నే. వీపులో బాణం, ఒళ్లంతా నీళ్లు, పైకెత్తిన ఒక్క చేయి. తన పాపాలకు తన ప్రాణం తీసుకో, బిడ్డను బతికించమని ఆమె శివుణ్ని వేడుకున్నప్పుడు ఆ పాపాలేమిటో మనకు తెలియదు. రెండేళ్ల తర్వాత తెలిసింది. రచయిత విజయేంద్రప్రసాద్, దర్శకుడు రాజమౌళి జవాబును ముందుగానే మన కళ్లెదుట పెట్టారు. మనమే కట్టప్ప గురించి అడుగుతూ ఉండిపోయాం.

దేవసేన దుఃఖం దారి వేరు. పాతికేళ్లు సంకెళ్లలో ఉండి, భల్లాలదేవుడి చితికోసం ఒక్కో పుల్లా ఏరింది. రమ్యకృష్ణ, అనుష్క పాత్రలకు ఉమ్మడిగా ఉన్నది ఆ మొండితనమే. అత్తను అది కూల్చింది, కోడలిని పాతికేళ్లు బతికించింది. చివర్లో చితి అంటుకునేసరికి ఆ అత్త మాత్రం చూడటానికి లేదు.